కొత్త దేశం, మొదటి చలికాలం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలావరకు కెనడాలో కొత్తగా కాపురం పెట్టిన కుటుంబాలవి. ఒకటి పిల్లల దగ్గరికి బయలుదేరుతున్న తల్లిదండ్రులది. అన్నీ వరుసగా చదివినప్పుడు ఒక సంగతి నా మనసులో నిలిచిపోయింది. ఉద్యోగానికి వెళ్లేవారికి తోటి ఉద్యోగులు, బడికి వెళ్లే పిల్లలకు టీచర్లు ఆ దేశపు పద్ధతులను నేర్పిస్తారు. పగలంతా ఇంట్లో ఉండిపోయే మనిషికి నేర్పేవారు ఎవరూ ఉండరు. ఆ మనిషి భార్య కావచ్చు, తల్లి కావచ్చు, ఇంకా ఉద్యోగం దొరకని భర్త కావచ్చు. ప్రశ్న ఎవరు అడిగినా, సమాధానం రాసేటప్పుడు వారిని కూడా దృష్టిలో ఉంచుకున్నాను.

ప్రశ్న: మేము ఆగస్టులో పర్మనెంట్ రెసిడెంట్లుగా ఎడ్మంటన్ వచ్చాము. నాకూ నా భార్యకూ, ఎనిమిదేళ్ల బాబుకూ, మూడేళ్ల పాపకూ హైదరాబాదులోనే మందమైన స్వెటర్లు, ఉన్ని టోపీలు, గ్లౌజులు కొన్నాము. అవి ఇక్కడ చాలవని కొందరు, ఖరీదైన కోట్లు అనవసరమని మరికొందరు అంటున్నారు. వాతావరణ వార్తల్లో మైనస్ 20 అని ఒక అంకె, దాని కిందనే మైనస్ 30 అని మరో అంకె వేస్తారట. దేనిని నమ్మాలి? (ఒక పాఠకుడు, ఎడ్మంటన్)

జవాబు: రెండు అంకెలూ నిజమే. మొదటిది గాలి ఉష్ణోగ్రత. రెండోది విండ్ చిల్, అంటే గాలి వీస్తున్నప్పుడు కప్పుకోని చర్మానికి ఎంత చలి తగులుతుందో చెప్పే సూచిక. మన ఒంటిని అంటిపెట్టుకుని పల్చని వెచ్చటి గాలిపొర ఒకటి ఉంటుంది. ఈదురుగాలి దానిని ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది కాబట్టి, మైనస్ 20 దగ్గర గంటకు 20 కిలోమీటర్ల గాలి వీచినా చర్మానికి అది మైనస్ 30 చలితో సమానం. కెనడా వాతావరణ శాఖ లెక్క ప్రకారం విండ్ చిల్ మైనస్ 28కి దిగితే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాలలో గడ్డకట్టవచ్చు. మైనస్ 40 అయితే 5 నుంచి 10 నిమిషాలు చాలు. కాబట్టి బట్టలు వేసుకునేటప్పుడు రెండో అంకెను చూడండి.

మీరు తెచ్చుకున్న స్వెటర్లు వృథా కావు, కానీ అవి మధ్య పొర మాత్రమే. ఒంటికి ఆనుకుని ఉన్నితోనో పాలిస్టర్‌తోనో చేసిన థర్మల్స్, వాటి మీద స్వెటర్ లేదా ఫ్లీస్, అన్నిటికంటే పైన గాలి చొరబడని, తుంటి కిందివరకు వచ్చే కోటు అనే మూడు పొరల పద్ధతి అక్కడ అందరూ పాటించేదే. లోపలి పొరగా నూలు బనియన్లు, కాటన్ సాక్సులు వద్దు. నూలు చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడి ఒంట్లోని వేడిని లాగేస్తుంది. చేతులకు వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజుల కంటే నాలుగు వేళ్లూ ఒకేచోట ఉండే మిట్టెన్లు వెచ్చగా ఉంటాయి. బూట్లు బిగుతుగా ఉంటే ఎంత ఖరీదైనవైనా పాదాలు చల్లబడతాయి. మందమైన సాక్సు వేసుకున్నాక కూడా వేళ్లు కదపగలిగేంత చోటు ఉండాలి. పాపను కారు సీటులో కూర్చోబెట్టేటప్పుడు ఉబ్బుగా ఉన్న కోటు విప్పించి, బెల్టు బిగించాక కోటునో దుప్పటినో పైన కప్పండి. కోటు మీద బెల్టు వేస్తే బిగిసినట్లే కనిపిస్తుంది గాని, ప్రమాదం జరిగితే కోటు అణిగిపోయి బెల్టు వదులవుతుంది.

చలికి ముందుగా దెబ్బతినేవి చెంపలు, ముక్కు, చెవులు, వేళ్లు. చర్మం తెల్లబడటాన్ని గుర్తుగా చెబుతారు. మన ఛాయలో అది వెంటనే తెలియకపోవచ్చు కాబట్టి మొద్దుబారడం, గట్టిపడటం మీద దృష్టి పెట్టండి. అలా అయిన చోట రుద్దకూడదు, మంట దగ్గర కాచకూడదు. లోపలికి వచ్చి గోరువెచ్చటి నీళ్లలో ఉంచాలి, స్పర్శ తిరిగి రాకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

ఖర్చు గురించి ఒక మాట. ఉద్యోగానికి వెళ్లే మీకు, బడికి వెళ్లే బాబుకు మంచి కోట్లు కొని, ‘ఇంట్లోనే ఉంటుంది కదా’ అని మీ భార్యకు మాత్రం తరువాత చూద్దామని అనుకోకండి. ఈ తప్పు చాలా ఇళ్లలో జరుగుతోంది. సరైన కోటు, బూట్లు లేని మనిషి నవంబరు నుంచి మార్చి దాకా గడప దాటలేరు. ఎడ్మంటన్‌లో అయితే ఏప్రిల్‌లోనూ మంచు పడుతుంది. డబ్బు సరిపోకపోతే మీది ఒక నెల వాయిదా వేసి ఆమెకు ముందు కొనండి. పిల్లలవి ఏటా పొట్టివైపోతాయి కాబట్టి సెకండ్ హ్యాండ్ దుకాణాలలో తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు, అక్కడివారూ అదే చేస్తారు.

ప్రశ్న: మేము విన్నిపెగ్ వచ్చి ఇది మొదటి చలికాలం. మా వారు ఉదయం చీకట్లో వెళ్లి చీకటి పడ్డాక వస్తారు. అక్కడ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పిన దాన్ని, ఇక్కడ రోజంతా నాలుగు గోడల మధ్య ఉంటున్నాను. ఎంత పడుకున్నా నిద్ర చాలదు, తీపి తినాలనిపిస్తుంది, కారణం లేకుండా ఏడుపు వస్తుంది. ఇంటికి ఫోను చేస్తే అమ్మ బాధపడుతుందని బాగానే ఉన్నానని చెబుతున్నాను. ఇది జబ్బా, నా బలహీనతా? (ఒక పాఠకురాలు, విన్నిపెగ్)

జవాబు: అమ్మా, ఇది మీ బలహీనత కాదు. మీరు రాసిన లక్షణాలు, అంటే అతినిద్ర, తీపి మీద కోరిక, ఉత్సాహం లేకపోవడం, ఏడుపు, చలికాలంలో వెలుతురు తగ్గడం వల్ల వచ్చే కుంగుబాటులో కనిపించేవే. ఉత్తర దేశాలలో డాక్టర్లు దీనిని బాగా ఎరుగుదురు, దీనికి చికిత్స ఉంది. డిసెంబరు చివర్లో విన్నిపెగ్‌లో పగలు సుమారు 8 గంటలే ఉంటుంది, సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. ఏడాది పొడవునా పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే చోట పుట్టి పెరిగిన శరీరానికి ఇది పెద్ద మార్పు. దానికి తోడు ఉద్యోగం, హోదా, నలుగురితో మాట కూడా ఒకేసారి పోయాయి. ఈ రెండింటిలో ఏది ఎంత అన్నది తేల్చవలసింది డాక్టరు. ఫ్యామిలీ డాక్టరు ఇంకా దొరకకపోతే వాక్-ఇన్ క్లినిక్‌కు (ముందుగా అపాయింట్‌మెంటు అక్కరలేని ఆసుపత్రికి) వెళ్లి, నాకు వ్రాసినంత వివరంగా వారికీ చెప్పండి. బతకాలనిపించని ఆలోచన ఏ రాత్రయినా వస్తే 988 నంబరుకు ఫోను చేయండి. 2023 నవంబరు నుంచి దేశమంతటా పగలూ రాత్రీ పనిచేస్తున్న సహాయవాణి అది.

ఈలోగా మీ చేతిలో ఉన్నవి కొన్ని చెబుతాను. మీ ఊరున్న ప్రెయిరీ ప్రాంతంలో, అంటే విశాలమైన గడ్డి మైదానాల సీమలో, చలి బాగా ముదిరిన రోజుల్లో చాలాసార్లు ఆకాశం నిర్మలంగా, ఎండ కళ్లు జిగేలుమనేలా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు, రెండు గంటల మధ్య, విండ్ చిల్ మరీ ప్రమాదకరంగా లేని రోజుల్లో, ఇరవై నిమిషాలైనా ఆరుబయట నడవండి. ఉదయం లేచిన వెంటనే 10,000 లక్స్ వెలుతురు ఇచ్చే దీపం ముందు అరగంట కూర్చోవడం కూడా చాలామందికి పనిచేస్తుంది. కంటి జబ్బులు గాని, బైపోలార్ వంటి మానసిక సమస్య గాని ఉంటే మాత్రం డాక్టరును అడగకుండా వాడవద్దు. శీతకాలపు ఎండలో ఒంటికి విటమిన్ డి దాదాపు తయారు కాదు. పెద్దలకు రోజుకు 600 యూనిట్లు అవసరమని అక్కడి ఆరోగ్య శాఖ ప్రమాణం. అక్కడి ఆవుపాలలో దీనిని చట్టప్రకారం కలుపుతారు, మిగిలినదానికి మాత్ర వేసుకోవచ్చు.

అయితే దీపమూ మాత్రా మనుషులకు ప్రత్యామ్నాయం కావు. పర్మనెంట్ రెసిడెంట్లకు ఫెడరల్ ప్రభుత్వ నిధులతో నడిచే సెటిల్‌మెంట్ సంస్థలు ఉచితంగా సహాయం చేస్తాయి. రెజ్యూమే తయారుచేయడం, ఉద్యోగ సలహాలు, ఇంగ్లీషు తరగతులు, కొన్నిచోట్ల తల్లి చదువుకునే సమయంలో పిల్లలను చూసుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. మీ ప్రాంతంలో ఏ సంస్థ ఉందో 211కు ఫోను చేస్తే చెబుతారు. మీకు ఇంగ్లీషు వచ్చి ఉండవచ్చు. అయినా ఒక తరగతిలో చేరండి. వారానికి కొన్ని రోజులు ఒక సమయానికి తయారై బయటికి వెళ్లవలసిన పని ఉండటమే మీకు ఇప్పుడు అన్నిటికంటే అవసరమైన మందు అని నా నమ్మకం. మీ డిగ్రీల మూల్యాంకనం వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్ వంటి సంస్థ ద్వారా ఇప్పటికే అయి ఉంటే ఆ కాగితాన్ని వెంట తీసుకువెళ్లండి. బడిలో టీచరుగా పనిచేయాలంటే ప్రతి ప్రావిన్సుకూ (అక్కడి రాష్ట్రానికి) వేరే ధ్రువపత్రం కావాలి. అది వచ్చేలోపు టీచరుకు సహాయకురాలిగానో, వయోజనులకు ట్యూటరుగానో మొదలుపెట్టవచ్చు. సిటీ లైబ్రరీ కార్డు ఉచితం. లైబ్రరీ వెచ్చగా ఉంటుంది, అక్కడ ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అడగరు.

ఈ ఉత్తరాన్ని మీ వారికి చూపించండి. ఆయనకు నేను చెప్పేది ఇదే: సెలవురోజున ఆమెను బస్సు ఎక్కించి, దిగవలసిన స్టాపు, మంచులో నిలబడే షెల్టరు, బస్సు ఎంతసేపటిలో వస్తుందో చూపే యాప్, అన్నీ ఒకసారి దగ్గరుండి చూపించండి. మీరు కారులో తిప్పినన్నాళ్లూ ఆ ఊరు ఆమెది కాదు. అమ్మకు కూడా నిజం చెప్పండమ్మా. దూరాన ఉన్న తల్లికి కూతురు గొంతులో తేడా ఎప్పుడో తెలిసే ఉంటుంది.

ప్రశ్న: కాల్గరీలో మా పాప ఒకటో తరగతి. మైనస్ 15 ఉన్నా టీచర్లు పిల్లలను రీసెస్‌కు (ఆటవిరామానికి) బయటికి పంపుతున్నారు. పిల్లకు జలుబు చేస్తుంది, బయటికి పంపవద్దని ఉత్తరం రాసివ్వమని మా అత్తయ్యగారు రోజూ ఫోనులో చెబుతున్నారు. రాయవచ్చా? (ఒక పాఠకురాలు, కాల్గరీ)

జవాబు: ఆరోగ్య కారణం లేకపోతే రాయవద్దు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. చలికాలంలో ఎక్కువ కావడానికి ముఖ్య కారణాలలో ఒకటి మూసిన గదులలో అందరూ దగ్గరగా గడపడం. మీ పాపను ఒక్కదాన్నే లోపల కూర్చోబెడితే జలుబు తగ్గదు గాని, స్నేహితులు ఏర్పడే ఆ పావుగంట మాత్రం పోతుంది. కొత్త దేశానికి వచ్చిన ఆరేళ్ల పిల్లకు తరగతి గదిలో కంటే మంచులో ఆడేటప్పుడే మాట తొందరగా వస్తుంది. మరీ చలిగా ఉన్న రోజుల్లో పిల్లలను లోపలే ఉంచడానికి ప్రతి స్కూలు బోర్డుకూ ఒక హద్దు ఉంటుంది, మీ బడి హద్దు ఎంతో ఆఫీసులో అడిగి అత్తయ్యగారికి చెప్పండి. ఆస్తమా ఉన్న పిల్లల సంగతి వేరు. చల్లని పొడిగాలి వారికి ఆయాసం తెప్పించవచ్చు, అప్పుడు డాక్టరు రాసిన చీటీ ఇవ్వాలి.

మీరు చేయవలసిన పని ఇంట్లో ఉంది. టీచరు ఇరవైమందికి పైగా పిల్లలను పదినిమిషాలలో తయారుచేయలేరు కాబట్టి, మీ పాప తనంతట తాను అన్నీ వేసుకోవడం నేర్చుకోవాలి. వరుస ముఖ్యం: మొదట స్నో ప్యాంటు, తరువాత బూట్లు, ప్యాంటు అంచును బూటు మీదికి లాగడం, తరువాత టోపీ, మెడకు నెక్ వార్మర్, ఆ మీదట కోటు, చివరగా మిట్టెన్లు. ముందే మిట్టెన్లు వేసుకుంటే జిప్పు పట్టుకోలేదు. జిప్పు చిన్నదైతే దానికి ఒక తాడు ముక్క కట్టండి. వారాంతంలో ఇంట్లో ఆటలా నాలుగైదుసార్లు చేయించండి. ప్రతి వస్తువు మీదా పేరు రాయండి, సంచిలో అదనంగా ఒక జత సాక్సులు, ఒక జత మిట్టెన్లు పెట్టండి. పొడవాటి మఫ్లరు ఆటస్థలంలో చిక్కుకుంటే మెడకు ప్రమాదం కాబట్టి వద్దు. మీ ఊళ్లో షినూక్ గాలి (కొండల మీది నుంచి దిగివచ్చే వెచ్చటి పొడిగాలి) వీచిన రోజున కొన్ని గంటల్లోనే ఇరవై డిగ్రీల వరకు వేడెక్కి మంచు కరిగిపోవచ్చు. ఆ రోజు పిల్లలు నిలువునా తడుస్తారు, అదనపు సాక్సులు అప్పుడే అక్కరకొస్తాయి.

మధ్యాహ్నం పెట్టే అన్నం చల్లారకుండా ఉండాలంటే వేడి నిలిపే స్టీలు డబ్బాలో ముందుగా మరిగిన నీళ్లు పోసి, పది నిమిషాలాగి పారబోసి, ఆపైన వేడి అన్నం సర్దండి. పల్లీల పొడి, పల్లీల పచ్చడి పెట్టే ముందు బడిని అడగండి. అలర్జీ ఉన్న పిల్లల కోసం చాలా బడులు వేరుశనగలను రానివ్వవు.

అత్తయ్యగారిది ప్రేమే. మంచులో ఆడుకుంటున్న పాపను ఒకసారి వీడియోలో చూపించండి, ఎర్రబడిన ఆ చెంపలతో పాప నవ్వుతుంటే చూసి ఆమె కొంత కుదుటపడతారు.

ప్రశ్న: ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రిలో టీకాలన్నీ వేయించాము, కార్డు కూడా ఉంది. అయినా మా పదేళ్ల బాబుకు కొన్ని టీకాలు లేవని ఇక్కడ నోటీసు వచ్చింది. ఏమిటి కారణం? (ఒక పాఠకుడు, బ్రాంప్టన్)

జవాబు: మీ కార్డులో లోపం లేదు, రెండు దేశాల పట్టికలు వేరు. మన ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో మీజిల్స్, రుబెల్లాకు టీకా ఉంది గాని గవదబిళ్లలకు, ఆటలమ్మకు లేదు. మీ ప్రావిన్సు ఒంటారియోలో బడి పిల్లల టీకాల చట్టం ప్రకారం గవదబిళ్లల టీకా తప్పనిసరి. 2010లో గాని తరువాత గాని పుట్టిన పిల్లలకు ఆటలమ్మ టీకా కూడా కావాలి. మెనింజైటిస్ టీకా కూడా ఆ జాబితాలో ఉంది. ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర విడిగా వేయించినవి ఏవైనా ఉంటే ఆ కాగితాలు ఊరి నుంచి తెప్పించండి. లేనివి స్థానిక పబ్లిక్ హెల్త్ విభాగంలోనో డాక్టరు దగ్గరో ఉచితంగా వేస్తారు. నోటీసును పక్కన పడేయవద్దు. గడువు దాటితే బాబును కొన్నాళ్లు బడికి రానివ్వకుండా ఆపే అధికారం వారికి ఉంది. టీకా వేశాక ఆ వివరాన్ని పబ్లిక్ హెల్త్‌కు తెలియజేయవలసిన బాధ్యత తల్లిదండ్రులదే, డాక్టరు పంపుతారని అనుకోకండి.

ప్రశ్న: సస్కటూన్‌లో అద్దె అపార్ట్‌మెంటులో ఉంటున్నాము. ఉదయం లేచేసరికి కిటికీ అద్దాల నిండా నీళ్లు, అంచుల్లో నల్లటి బూజు. పోపు పెట్టిన ప్రతిసారీ పొగ అలారం మోగుతోంది. బ్యాటరీ తీసేసి వండుకోమని పక్కింటి తెలుగువారు సలహా ఇచ్చారు. (ఒక పాఠకురాలు, సస్కటూన్)

జవాబు: ఆ సలహాను దయచేసి పాటించకండి. చలికాలంలో తలుపులు, కిటికీలు బిగించి పడుకునే ఇంటిలో మంటలనుంచి ప్రాణం కాపాడేది ఆ అలారమే. దానిని తీసేస్తే అద్దె ఒప్పందాన్నీ, ఫైర్ కోడ్‌నూ మీరినట్లవుతుంది. పొగను తగ్గించే మార్గాలు ఉన్నాయి. నూనె పొగలు వచ్చేదాకా కాగనివ్వకుండా, మధ్యస్థమైన మంట మీద ఆవాలు వేసి మూత పెట్టండి. పొయ్యి మీది ఫ్యాను పోపు పెట్టడానికి అయిదు నిమిషాల ముందే వేసి, వంట అయ్యాక పావుగంట తరువాత ఆపండి. వెనక బర్నరు మీద వండితే ఫ్యాను పొగను బాగా లాగుతుంది. దాని జల్లెడను నెలకోసారి వేడినీళ్లు, సబ్బుతో కడగండి. మన వంటలకు అది త్వరగా జిడ్డు పట్టేస్తుంది. అప్పటికీ మోగుతుంటే అలారం స్థానం మార్చమని యజమానిని రాతపూర్వకంగా అడగండి.

ఇక కిటికీల సంగతి. అన్నం వార్చిన ఆవిరి, స్నానాల ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టల తడి, మన ఊపిరి, అన్నీ గదిలోని గాలిలో చేరతాయి. ఆ గాలి చల్లటి అద్దాన్ని తాకగానే నీరై దిగుతుంది. బయట మైనస్ 30 ఉన్నప్పుడు లోపలి తేమ 30 శాతం లోపే ఉండటం మంచిది. తేమ చూపే చిన్న మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది, ఒకటి కొనండి. కుక్కరు ఆవిరి వదిలేటప్పుడు, స్నానం చేసేటప్పుడు ఫ్యాన్లు వేయండి. పగలు కర్టెన్లు తీసి ఉంచితే వేడిగాలి అద్దానికి తగిలి తడి ఆరుతుంది. హీటింగ్ గాలి వచ్చే చోట సోఫా, మంచం అడ్డం పెట్టకండి. ఉదయం అద్దాన్నీ అంచునూ పొడిగుడ్డతో తుడవడం పదినిమిషాల పని. కొత్త బూజు పట్టకుండా ఆపేది అదే. గోడల మీదికి బూజు పాకితే ఫొటోలు తీసి యజమానికి పంపండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. హీటరు చాలలేదని కుంపటి వెలిగించడం, గ్యాసు ఓవెను తలుపు తెరిచి గది కాచుకోవడం వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన, రంగు ఉండవు. ఇల్లు వెచ్చగా లేకపోతే అది యజమాని బాధ్యత.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. ముందు గ్రిల్‌లోంచి కరెంటు ప్లగ్గు ఒకటి వేలాడుతోంది. అది దేనికి? చలికాలం టైర్లు కూడా తప్పనిసరా? (ఒక పాఠకుడు, రెజైనా)

జవాబు: అది ఇంజన్‌ను వెచ్చబెట్టే బ్లాక్ హీటరు ప్లగ్గు. మైనస్ 15 కంటే చలి ఎక్కువైతే, బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందు దానిని కరెంటుకు తగిలించాలి. అందుకే మీ ఊళ్లో చాలా పార్కింగు స్థలాల్లో స్తంభాలకు ప్లగ్గులు ఉంటాయి. ఆరుబయట వాడదగిన ఎక్స్‌టెన్షన్ తీగనే వాడండి, బయలుదేరేటప్పుడు తీయడం మరువకండి. శీతకాలపు టైర్లు క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చట్టప్రకారం తప్పనిసరి. మీ ప్రావిన్సులో అలాంటి చట్టం లేకపోయినా కొనండి. సుమారు 7 డిగ్రీల కంటే చల్లబడితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టుకోలేదు. కొండ గుర్తు లోపల మంచు పువ్వు ఉన్న టైర్లు నాలుగూ వేయించాలి, రెండే వేస్తే కారు అదుపు తప్పవచ్చు. కారులో దుప్పటి, చిన్న పార, ఫోను చార్జరు ఉంచుకోండి. మంచులో ఇరుక్కుంటే ఇంజను నడిపే ముందు దిగి పొగగొట్టం చుట్టూ ఉన్న మంచు తీసేయండి.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు మిసిసాగాలో ఉంటారు. కోడలికి జనవరిలో పురుడు. సూపర్ వీసా మీద మేమిద్దరం వెళ్లాలనుకుంటున్నాము. నాకు బీపీ, షుగరు ఉన్నాయి. డిసెంబరు చివర్లో వెళ్తే సరిపోతుందా? ఆ చలిలో పసిబిడ్డను ఎలా చూసుకోవాలి? (ఒక తల్లి, తెనాలి)

జవాబు: అమ్మా, వీలైతే అక్టోబరులోనే వెళ్లండి. అప్పటికి చలి మెల్లగా మొదలవుతుంది, రోడ్ల మీద మంచుగడ్డ ఉండదు. ఇంటి చుట్టుపక్కల దారులు, దగ్గరలోని పార్కు, లైబ్రరీ, కొట్టు మీకు పరిచయమయ్యాక చలికాలం వస్తే భయం ఉండదు. డిసెంబరు చివర్లో దిగినవారు చాలామంది ఏప్రిల్ దాకా కిటికీలోంచే దేశాన్ని చూస్తారు.

సూపర్ వీసా అంటే అక్కడ స్థిరపడినవారి తల్లిదండ్రులకు, తాతయ్య, అమ్మమ్మలకు ఇచ్చే వీసా. దాని మీద ఒకసారి వెళ్తే 5 సంవత్సరాల వరకు ఉండవచ్చు. 2022 జూలై నుంచి ఈ నియమం ఉంది. దీనికి కనీసం 1,00,000 కెనడా డాలర్ల వైద్య బీమా, ఏడాది కాలానికి తీసుకున్నది, తప్పనిసరి. వీసా మీద వచ్చినవారికి ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించదు కాబట్టి బీమాయే మీకు ఆధారం. మీకు బీపీ, షుగరు ఉన్నాయి కనుక పాలసీలో పాత జబ్బుల గురించి ఏం రాశారో అబ్బాయిని చదివి చెప్పమనండి. చాలా పాలసీలు ఆ జబ్బులు కొన్ని నెలలుగా నిలకడగా ఉంటేనే డబ్బు చెల్లిస్తాయి. ప్రయాణానికి కొద్దిరోజుల ముందు మాత్ర మోతాదు మారినా నిలకడ లేదని అనవచ్చు. ఏ జబ్బునూ దాచి బీమా తీసుకోవద్దు.

బిడ్డ సంగతి. ఇంట్లో హీటింగ్ ఉంటుంది కాబట్టి లోపల చలి మన డిసెంబరు రాత్రి కంటే తక్కువే. పసిబిడ్డను రగ్గుల్లో చుట్టి దిండ్ల మధ్య పడుకోబెట్టే అలవాటు మనకుంది. అక్కడ నర్సులు దానిని ఒప్పుకోరు, వారి మాట సరైనది. బిడ్డను వెల్లకిలా, తన సొంత తొట్టిలో, దిండూ రగ్గూ లేకుండా పడుకోబెట్టాలి. వెచ్చదనానికి సంచిలా ఉండే నిద్రగౌను వేస్తారు. మెడ వెనక చేయి పెట్టి చూడండి, చెమట పడితే బట్టలు ఎక్కువైనట్లు. తల్లిపాలు తాగే బిడ్డకు రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయమంటారు, మరువకండి. నూనె మర్దన, స్నానం మీ పద్ధతిలో చేయవచ్చు. సాంబ్రాణి పొగ మాత్రం బిగించిన ఇంట్లో బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

బాలింతతో పాటు మిమ్మల్ని కూడా మీరు చూసుకోవాలి. రోజంతా వంటింట్లో, బిడ్డ దగ్గర ఉండిపోకుండా మధ్యాహ్నం మీవారితో కలిసి నడవండి. రోడ్డు జారేలా ఉంటే షాపింగ్ మాల్ లోపల నడవండి, అక్కడ పెద్దవారు చాలామంది అదే చేస్తారు. బయట నడిచేటప్పుడు పాదం మొత్తం ఆనిస్తూ చిన్న అడుగులు వేయండి, చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు, చీర అయితే కుచ్చిళ్లు బూట్ల పైకి ఉండేలా కట్టుకోండి. షుగరు ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గి ఉండవచ్చు, చలి సోకినా తెలియకపోవచ్చు. ఇంటికి రాగానే సాక్సులు తీసి పాదాలు కంటితో చూసుకోండి.

మందులు చేతిసంచిలోనే పెట్టుకోండి, డాక్టరు రాసిన చీటీలో కంపెనీ పేర్లతో పాటు మందు అసలు పేరు కూడా ఉండాలి. అక్కడ మీ కంపెనీ మాత్ర దొరకకపోవచ్చు, అసలు పేరు చూసే అక్కడి డాక్టరు సమానమైనది రాస్తారు. పచ్చళ్లు, పొడులు, నెయ్యి ఏవి తీసుకువెళ్లినా విమానాశ్రయంలో అడిగినప్పుడు ఆహారం ఉందని చెప్పండి. చెప్పినవాటిలో తీసుకోకూడనివి ఉంటే తీసి పక్కన పెడతారు అంతే, చెప్పకుండా పట్టుబడితే జరిమానా వేయవచ్చు.